ఊరి నాలుక మొక్కుకున్న నెల

షెఫెరు ఊళ్ళో ఏ ఇంటి జాడీ మూత తీయాలన్నా ముందు హెల్దయిని పిలవాల్సిందే. అతను వచ్చి చిటికెన వేలు ముంచి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఆగేవాడు. తర్వాత "ఇది పెళ్ళికి" అనేవాడు, లేకపోతే "ఇది కోతవాళ్ళకి" అనేవాడు. పెళ్ళికి అంటే ద్రాక్షరసం తియ్యగా నిలిచిందని అర్థం. కోతవాళ్ళకి అంటే పులిసి చిరకైపోయిందని, ఇక నీళ్ళు కలిపి పొలానికి పంపడమేనని. ఆ మాటకి తిరుగుండేది కాదు. అందుకే ఊరంతా అతన్ని 'ఊరి నాలుక' అనేది. ఎదుట గౌరవంగా అనేవారు, చాటున ఆ నాలుక ఎంత పొడుగో చెప్పుకుని నవ్వుకునేవారు.

ఎందుకంటే వేలు ముంచితే సరిపోయే చోట హెల్దయి గిన్నె ముంచేవాడు. నాలుగిళ్ళు తిరిగేసరికి నడక మారిపోయేది. ఒక ఏడాది తన ఇల్లే అనుకుని పక్కింటి మిద్దె ఎక్కి, అక్కడ పడుకున్న ముసలమ్మ పక్కన చేరి, "నయరా, ఇవాళ నీ మోకాళ్ళు ఇంత చల్లగా ఉన్నాయేమే?" అన్నాడు. ఆ ముసలమ్మ తర్వాత పదేళ్ళు బతికింది. ఆ పదేళ్ళూ అతను వీధిలో కనబడినప్పుడల్లా మోకాళ్ళ మీద కొంగు కప్పుకునేది.

అతని తల్లి ద్రాక్షలు తొక్కుతూ తొక్కుతూ తొట్టి గట్టు మీదే అతన్ని కన్నదట. తొక్కుడు అయిన నెలకి అందరి పాదాలూ తెల్లబడేవి, హెల్దయివి మాత్రం ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేవి. పాలు పిల్లలకి, మజ్జిగ రోగులకి, నీళ్ళు గొర్రెలకి అని అతని లెక్క.

అలాంటివాడు ద్రాక్షే ముట్టకూడని నాజీరు మొక్కు మొక్కాడు.

ఆ ఏడు యవల కోతలప్పుడు అతని కూతురు హోగ్లాకి జ్వరం వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. తొమ్మిది రోజులు కళ్ళు తెరవలేదు. పదో రోజు హెల్దయి ఊళ్ళో ధర్మం చెప్పే లేవీయుడు షిమ్రి తాత దగ్గరికి పోయి, గడప దగ్గరే కూలబడి, పిల్ల లేస్తే ముప్పై రోజులు నాజీరుగా ఉంటానన్నాడు.

షిమ్రి తాత అతన్ని ఎగాదిగా చూశాడు. "ఒరే, తెలిసే అంటున్నావా? ద్రాక్షరసం ముట్టకూడదు. యవల సారా ముట్టకూడదు. చిరక ముట్టకూడదు. పండు, ఎండు పండు, తొక్క, గింజ, ఏదీ నోట పెట్టకూడదు. తల మీద కత్తి పడకూడదు. శవం దగ్గరికి పోకూడదు, కన్నతల్లిదైనా సరే. నీ పక్కన ఎవడైనా ఠక్కున చచ్చాడనుకో, అప్పటిదాకా గడిపిన రోజులన్నీ రాలిపోతాయి. గుండు గీయించుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలు."

"సరే తాతా."

"గింజ కూడా వద్దన్నాను."

"సరేనన్నాగా!"

మర్నాడు పొద్దున్న హోగ్లా కళ్ళు తెరిచి మజ్జిగ అడిగింది. ఆ క్షణం నుంచి హెల్దయి బుర్రలో ఒకటే బొమ్మ. పైనుంచి ఒక తాడు వేలాడుతోంది, దాని చివర పిల్ల ఉంది, ఇవతలి కొస తన పళ్ళ మధ్య ఉంది. నోరు తెరిచాడా, పిల్ల పోతుంది. దేవుడు ఇచ్చింది దేవుడు తీసుకుపోతాడు. ఇది అతను ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాం నయరాకి తప్ప. నయరా తమ్ముడికి చెప్పింది. దాంతో ఊరందరికీ చెప్పినట్టే అయింది.

ఆ తమ్ముడే గేరా. ముప్పై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఎవరు పిల్లనిస్తామన్నా ఆ పిల్ల తండ్రి నడకని అనుకరించి చూపించేవాడు, సంబంధం అక్కడితో ఆగిపోయేది.

"బావా, మజ్జిగ తాగుతున్నావా? మూతికి తెల్లగా అంటింది, పాలు మరవని మేకపిల్లలా ఉన్నావు."

"పోరా."

"ఊరి నాలుక ఆరేసి ఉంది, ఎవరైనా చూసి రండోయ్!"

అయిదో రోజునే పెద్ద గండం తప్పింది. ఒక నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు తండ్రి ప్రేమగా రొట్టె ముక్క నోట్లో పెట్టాడు. నమిలాక తెలిసింది, లోపల ఎండుద్రాక్ష ఉంది. హెల్దయి ఉమ్మాడు. ఉమ్మింది తిన్నగా పోయి ఆ తండ్రి పాదం మీద పడింది. గేరా వెంటనే, "ఆశీర్వాదం! నాజీరు ఆశీర్వాదం! ఇంకెవరికైనా కావాలా?" అని అరిచాడు. షిమ్రి తాత చాలాసేపు ఆలోచించి, మింగలేదు కాబట్టి దోషం లేదన్నాడు.

పద్దెనిమిదో రోజున అసలు పని వచ్చి పడింది. రాజంటూ లేని రోజులవి. గోధుమ పండే వేళకి తూర్పు ఎడారి నుంచి మిద్యానువాళ్ళు ఒంటెల మీద వచ్చి పంట ఊడ్చుకుపోయేవాళ్ళు. వాళ్ళొస్తే దాక్కోవడానికి ఊరి మధ్య ఒక రాతి బురుజు ఉండేది. అందులో నీళ్ళు నిలవుంచితే నాచు పట్టి కంపు కొట్టేవి. అందుకని నీళ్ళు రెండు జాడీలే పెట్టి, తక్కినవి చిరక జాడీలు పెట్టేవారు. ఏ జాడీ పెట్టాలో రుచి చూసి చెప్పేది హెల్దయి. ఆ ఏడు రుచి చూసే వీల్లేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "బాగుంది" అన్నాడు. తర్వాతిది వాసన చూశాడు. "ఇదీ బాగుంది" అన్నాడు. ఆరు జాడీలు అలాగే బురుజెక్కాయి.

మిద్యానువాళ్ళు ఇరవై ఏడో రోజున వచ్చారు.

ఎండ నెత్తికెక్కింది. కోతవాళ్ళు పనల నీడన కూర్చుని రొట్టె చిరకలో ముంచుకు తింటున్నారు. హెల్దయి దూరంగా, అందరికీ వీపు పెట్టి, తన మజ్జిగ తాగుతున్నాడు. గిన్నెలు అందిస్తున్న ఒక అమ్మాయి వంగినదల్లా అలాగే ముందుకు పడిపోయింది. ఎవరో నవ్వారు, కాలు మడతబడిందనుకుని. మెడలో బాణం అప్పుడు కనబడింది.

తర్వాతంతా ఒంటెల కాళ్ళే. చేలో గోధుమ, మనుషులు కలిసే నలిగారు. కొడవలి ఎత్తినవాడి చెయ్యి కొడవలితో సహా తెగి పనల మీద పడింది. ఒకడు పారిపోతూ వెనక్కి చూశాడు, ఆ చూపు మీదే బల్లెం దిగింది. హెల్దయి పరిగెత్తుతుంటే పక్క చేను ఆసామి నేల మీద నుంచి అతని మడమ పట్టుకున్నాడు. నోట్లోంచి నురగ, కడుపులోంచి నెత్తురు. ఇంకో రెండు ఊపిరుల మనిషి. హెల్దయి ఆ చేతిని తన్ని విడిపించుకుని పరిగెత్తాడు. చూసినవాళ్ళు భయం అనుకున్నారు. భయం కాదు, మొక్కు. సరే, కొంచెం భయం కూడా.

నలభై మంది దాకా బురుజులో పడ్డారు. తలుపు మూసే తోపులాటలో ఒక నీళ్ళ జాడీ పగిలింది. అందరి కంటే చివర గేరా వచ్చాడు, ఒక ముసలాయన్ని భుజాన మోసుకుంటూ. ముసలాయన్ని దించి, తన కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని గోడకి జారబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు.

"అక్కా, అరవకు. చూడ్డానికి బాగా లేదు గానీ, వాసన ఇంకా బాగా లేదు."

హెల్దయి అతని వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. షిమ్రి తాత వైపు చూశాడు.

"ఇక్కడ ఎవరో ఒకరు పోతారు" అన్నాడు తాత మెల్లిగా. "ఒకే కప్పు కింద ఉంటే నీ రోజులు పోయినట్టే. పైకి పో. కప్పు మీద, ఆకాశం కింద ఉన్నవాడు ఇంట్లో ఉన్నట్టు కాదు."

"పో బావా" అన్నాడు గేరా. "పోయేముందు నేను కేకేస్తాలే, చెవులు మూసుకుందువు గాని."

హెల్దయి నిచ్చెనెక్కాడు. పైన పిట్టగోడ, దాని వెంట రాళ్ళ కుప్ప, నడినెత్తిన సూర్యుడు. కింద మిద్యానువాళ్ళు ఊటబావి చుట్టూ ఒంటెల్ని కట్టి, ఇళ్ళు తగలబెడుతున్నారు. అతను రాళ్ళు విసిరాడు. మొదటి రాయి ఒకడి భుజం విరిచింది. రెండోది ఇంకొకడి తలని బానలా పగలగొట్టింది. వెంటనే సందేహం వచ్చి నిచ్చెన కన్నంలోంచి కిందికి అరిచాడు.

"తాతా! పైనుంచి రాయేస్తే చచ్చాడు. లెక్కలోకి వస్తుందా?"

"పక్కన చావకూడదన్నాను. ఇరవై మూరల కింద చస్తే అది వాడి గొడవ. వెయ్యి!"

వేశాడు. రెండు రోజులు వేశాడు.

ఉన్న ఒక్క జాడీ నీళ్ళూ పిల్లలకే. మొదటి రోజు షిమ్రి తాత నాజీరుకని రెండు గుక్కలు పంపాడు, రెండో రోజు ఒకటి. ఆ ఒక్కటి హెల్దయి పుక్కిలించి పుక్కిలించి ఎంతోసేపటికి గాని మింగలేదు. పెద్దవాళ్ళందరూ చిరక తాగారు. నయరా ఒక గిన్నె నింపి నిచ్చెన చివర పెట్టి, "తాగవయ్యా, దేవుడు చూస్తాడు కదా నీ అవస్థ" అంది. హెల్దయి గిన్నె వైపు చూడకుండా, "చూస్తాడనే తాగటంలేదే" అన్నాడు. తెల్లవారుతూనే పిట్టగోడ రాళ్ళ మీది మంచు నాకాడు. ఊరి నాలుక పని అది. కింద నుంచి బాణం వచ్చి గోడకి తగిలి, రాతి ముక్క లేచి బుగ్గ చీల్చింది. తలొంచి మిగతా రాయి కూడా నాకాడు.

కింద గేరాకి చిరక పట్టారు. మొదటి గుక్కకే ఉమ్మేశాడు.

"బావా! ఇదేం చిరక? మాచిపత్రి నమిలినట్టుంది, చేదు!"

"చేదు కాదు!" పైనుంచి హెల్దయి. గొంతు ఎండి కప్ప కూతలా వచ్చింది. "నేను వాసన చూశాను."

"వాసన చూస్తే చేదు తెలుస్తుందా? ఎవడో గింజలు చితగ్గొట్టి తొక్కాడు. ఆరు జాడీలూ ఇంతే. చచ్చేవాడికి ఇచ్చేది ఇదా?"

"కడుపులో పోటు తగిలినవాడి నోరు చేదుగానే ఉంటుంది. నోరు నీది, చిరకని ఎందుకు తిడతావు?"

ఆ మాట అన్నాక హెల్దయి తన నోరు తనే మూసుకున్నాడు. తర్వాత గేరా నవ్వు వినిపించింది, నవ్వుకి నొప్పి పుట్టి మూలుగు వినిపించింది.

"నాజీరు కదా, అబద్ధం ఆడకూడదని లేదా ఆ మొక్కులో?"

మూడో రోజు, అంటే మొక్కులో ఇరవై తొమ్మిదో రోజు పొద్దున్న, కింద నుంచి, "బావా, చెవులు మూసుకో" అన్న మాట వచ్చింది. చిన్నగా వచ్చింది. హెల్దయి చెవులు మూసుకోలేదు. నిచ్చెన కన్నం పక్కన బోర్లా పడుకుని, చెయ్యి కిందికి ఎంత చాచగలడో అంత చాచినట్టే చాచాడు. అందలేదు. అందనంత దూరమే చాచాడు, అంతకంటే ఒక్క వేలు కూడా ఎక్కువ చాచలేదు. అది అతనికీ తెలుసు. నయరా ఏడుపు మొదలయ్యాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అదే పూట మిద్యానువాళ్ళు పనలు మోసుకొచ్చి తలుపు దగ్గర పేర్చి నిప్పు పెట్టారు. ఊరు పండించిన గోధుమతోనే ఊరిని కాల్చడం. తలుపుకి లోపల తోళ్ళు కట్టి చిరకతో తడిపారు. మిగిలిన ఒక్క జాడీ, పైనుంచి మంట మీద పొయ్యడానికి, తాళ్ళతో కప్పు మీదకి చేర్చారు. హెల్దయి దగ్గర రాళ్ళు అయిపోయాయి. పొగలో కళ్ళు కనబడక, జాడీ ఎత్తడానికి వంగాడు.

అప్పుడే హోగ్లా నిచ్చెనెక్కి వచ్చింది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. తన వంతు నీళ్ళు మింగకుండా నోట్లో పట్టుకొచ్చింది, నాన్న నోట్లో పొయ్యడానికి. మాట్లాడితే పోతాయని, చేత్తో రమ్మని సైగ చేసింది.

ఆమె వెనక పిట్టగోడ మీద ఒక చెయ్యి కనబడింది. తర్వాత ఒక తల.

ఎవడో వెనక వైపు నుంచి దూలం ఆనించి ఎక్కాడు. గోడ దాటి దూకుతూనే పిల్ల జుట్టు పట్టి ఎత్తాడు, మెడ దగ్గర కత్తి పెట్టాడు. హోగ్లా అరవలేదు. నోటి నిండా నీళ్ళున్నాయి. కళ్ళు మాత్రం తండ్రి మీదే ఉన్నాయి, బుగ్గలు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

చంపితే వాడు తన పక్కనే చస్తాడు. ఇరవై తొమ్మిది రోజులూ రాలిపోతాయి, తాడు తెగుతుంది. చంపకపోతే కత్తి తెగ్గోస్తుంది. ఇంత ఆలోచన హెల్దయికి అప్పుడు వచ్చిందని కాదు. తర్వాత జీవితమంతా వచ్చింది. అప్పుడు మాత్రం అతని చేతుల్లో జాడీ ఉంది, ఆ జాడీ వాడి ముఖం మీద పగిలింది.

వాడు పడ్డాడు, పిల్ల పక్కకి దొర్లింది. చిరక కళ్ళలో పడి వాడు ఊళవేస్తూ గుడ్డిగా కత్తి తిప్పాడు. హెల్దయి ముంజేయి ఎముక దాకా చీలింది. ఇద్దరూ కలబడి పెంకుల మీద దొర్లారు. వాడి బొటనవేలు హెల్దయి కంట్లోకి దిగబోయింది. హెల్దయి దాన్ని కొరికాడు. చేతికి దొరికిన పెంకుని వాడి గొంతులో దింపాడు, తీసి మళ్ళీ దింపాడు, మెత్తగా తగిలేదాకా దింపుతూనే ఉన్నాడు. వాడు అతని మీదే పడి చచ్చాడు, ముఖం మీద ముఖం పెట్టి, పెళ్ళినాటి చుట్టంలా. నెత్తురూ చిరకా కలిసి హెల్దయి మీసం మీదుగా పెదవుల మీదకి కారాయి.

అతను నాకాడు.

ఒకసారి కాదు, రెండుసార్లు.

తర్వాత ఆ శవాన్ని పిట్టగోడ మీదుగా కిందికి తోశాడు. అది మండుతున్న పనల మీద పడింది. కింద గోల లేచింది. వాడు వాళ్ళలో ఎవరికో కావలసినవాడై ఉండాలి. లేకపోతే ఊళ్ళో దోచుకోవడానికి ఇంకేమీ మిగలక కూడా కావచ్చు. మధ్యాహ్నానికి ఒంటెల మీద గోధుమ కట్టుకుని, తమ శవాల్ని కట్టుకుని, వెళ్ళిపోయారు. మండిన తలుపు ఇంకో ఝాము ఉంటే కూలేది.

హోగ్లా మూల కూర్చుని వెక్కుతోంది. "నీళ్ళు మింగేశాను నాన్నా. భయమేసి మింగేశాను."

హెల్దయి దగ్గరికి పోలేదు. నెత్తురోడే చెయ్యి వెనక దాచుకుని పిల్ల నుదురు వంక చూస్తున్నాడు, జ్వరం ఎక్కుతుందేమోనని. షిమ్రి తాత పొగలోంచి దగ్గుకుంటూ పైకొచ్చాడు. నెత్తుటి మడుగు చూశాడు, హెల్దయిని చూశాడు.

"పక్కనే చచ్చాడా?"

"మీదే చచ్చాడు."

"అయితే రోజులు పోయాయి."

"పిల్ల?" అన్నాడు హెల్దయి.

తాత కూలబడి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నాకు తెలిసిన ధర్మంలో రోజులు పోతాయని ఉంది. పిల్లలు పోతారని లేదు. నాకు తెలియంది ఎక్కడైనా ఉంటే నాకు తెలియదు. ఏడో రోజు గుండు గీసుకో, ఎనిమిదో రోజు దోషం పోయే బలికి రెండు గువ్వలు తీసుకురా, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టు."

హెల్దయి తల ఊపాడు. తర్వాత, చంపినప్పుడు కూడా లేని సిగ్గుతో గొంతు తగ్గించాడు.

"ఇంకొకటి ఉంది తాతా. చిరక మీసం మీద కారింది. నాకాను."

"పొరపాటున తగిలిందా?"

"మొదటిసారి పొరపాటు."

తాత ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. మూడు రోజుల చావుల తర్వాత ఆ బురుజు మీద అది నవ్వో ఏడుపో చెప్పడం కష్టం. "అది కూడా ఆ గువ్వల్లో కలిపేద్దాంలే" అన్నాడు.

హెల్దయి ఇక ఆగలేదు. నిచ్చెన దిగాడు. ఇప్పుడు అతనికి ఏ కప్పయినా ఒకటే, ఏ శవమైనా ఒకటే. మూడు రోజులుగా పోలేని ఆ పది అడుగులూ నడిచి గేరా పక్కన కూర్చున్నాడు. నయరా తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. భర్తని చూసి, "ఇప్పుడొచ్చావా?" అంది. ఎవరో ఊట నుంచి నీళ్ళు తెస్తే, తను ఒక్క గుక్క తాగకముందే గుడ్డ తడిపి గేరా ముఖం తుడిచాడు, పొట్ట మీద ఎండిన నెత్తురు కడిగాడు, వేళ్ళ సందులు కడిగాడు. తర్వాత చెవి దగ్గరికి వంగాడు.

"చేదేరా" అన్నాడు. "నీ నోరు కాదు. చిరకే. గింజలు చితికాయి. నువ్వు చెప్పిందే నిజం."

హోగ్లాకి జ్వరం రాలేదు. అయినా ఆ తర్వాతి ముప్పై రోజులూ హెల్దయి పొద్దున లేస్తూనే పిల్ల నుదురు ముట్టి చూసి, అప్పుడే మజ్జిగ తాగేవాడు. గుండు మీద ఎండ తగిలి బొబ్బలెక్కింది. ఆ గుండు చూసి నయరా ఒక రోజు నవ్వింది, వెంటనే ఏడ్చింది, ఎందుకంటే ఆ గుండు మీద మాట విసిరే మనిషి లేడు. ముప్పయ్యో రోజు దాటాక ఊళ్ళోవాళ్ళు మంచి జాడీ ఒకటి తెచ్చి అతని ముందు మూత తీశారు. హెల్దయి చిటికెన వేలు ముంచి, నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"పెళ్ళికి" అన్నాడు. గిన్నె ముంచలేదు.

ఆ తర్వాత బురుజులోకి పోయే ప్రతి జాడీనీ రెండుసార్లు రుచి చూసేవాడు.